త్యాగరాజ ఆరాధన - ఆడవాళ్లు

హేతువాదివై ఉండి రామభక్తుడి ఆరాధనకు ఎలా వెళ్తావని మిత్రులు నన్ను అడుగుతుంటారు. పాట వినడానికి దేవుడి మీద నమ్మకం అక్కర్లేదు, చెవులుంటే చాలు. అందుకే ఈ ఏడాది పుష్య బహుళ పంచమికి ఇక్కడ జంషెడ్‌పూర్‌లో మన దక్షిణాది వాళ్లు జరిపిన త్యాగరాజ ఆరాధనకు నేనూ వెళ్లాను. హాలు నిండిపోయింది. పంచరత్న కీర్తనలు బృందంగా పాడుతున్నప్పుడు వేదిక మీద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాను. రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైన వాడిని, అలవాటు పోదు కదా! సగానికి పైగా ఆడవాళ్లే. ఇది అనాదిగా వస్తున్న సంప్రదాయమని ఒక పెద్దాయన మైకులో చెప్పారు.

ఈ "అనాది" ఎంత పాతదో చూద్దాం.

త్యాగరాజు 1847 జనవరి 6న తిరువయ్యారులో చనిపోయాడు. కావేరి ఒడ్డున ఉన్న ఆయన సమాధిని చాలాకాలం పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో శిష్యపరంపర వాళ్లు ఏటా ఆరాధన జరపడం మొదలుపెట్టారు. తర్వాత వాళ్లలో వాళ్లకే పడక పెద్ద పక్షం, చిన్న పక్షం అని చీలిపోయారు. అన్నిట్లోనూ తగాదా పడ్డ ఈ రెండు పక్షాలూ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యాయి. సమాధి దగ్గర ఆడవాళ్లు పాడకూడదు!

ఇక్కడ బెంగుళూరు నాగరత్నమ్మ గురించి చెప్పుకోవాలి. 1878లో దేవదాసీ కుటుంబంలో పుట్టింది. మద్రాసులో కచేరీలు చేసి పేరూ డబ్బూ సంపాదించింది. సమాధి పాడుబడి ఉందని గురువు బిడారం కృష్ణప్ప 1921లో ఉత్తరం రాస్తే, తన సొంత డబ్బుతో అక్కడ గుడి కట్టించింది. ఆ తర్వాత ప్రతిష్ఠ జరిగింది. అంత చేసినా, ఆ గుడి ముందు పాడటానికి ఆమెకే అనుమతి లేదు. డబ్బుకు అంటని మైల గొంతుకు అంటిందన్నమాట!

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ఆడవాళ్లను కూడగట్టి 1927 నుంచి సమాధి వెనక వైపున వేరే ఆరాధన నడిపింది. చివరికి 1940లో ఎస్.వై. కృష్ణస్వామి అనే ఐ.సి.ఎస్. అధికారి, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ వంటివారు పూనుకుని పక్షాలను కలిపారు. ఆడవాళ్లకు ప్రవేశం దొరికింది. పంచరత్నాలను అందరూ కలిసి పాడటం కూడా ఆ తర్వాత స్థిరపడిందే. అంటే మన "అనాది"కి ఇంకా నూరేళ్లు కూడా నిండలేదు.

దీన్ని కేవలం ఛాందసుల తప్పుగా చెప్పి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని మనం గౌరవించే వీరేశలింగం గారే అసభ్యమని నిందించారు. ఆ కావ్యాన్ని 1910లో పూర్తిగా అచ్చువేయించింది ఈ నాగరత్నమ్మే. ఇలాంటి రచన మగవాళ్లు చేస్తే తప్పు లేదా అని పీఠికలోనే అడిగింది. 1911లో బ్రిటిషు ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో గానీ ప్రకాశం పంతులు గారి చొరవతో ఆ నిషేధం తొలగలేదు. సంస్కర్త అయినా సరే, ఆడదాని గొంతు దగ్గరికి వచ్చేసరికి తడబడవచ్చు. ఈ మాట మన హేతువాదులం కూడా గుర్తుపెట్టుకోవాలి.

నాగరత్నమ్మ భక్తురాలు. ఆమె నమ్మకాలు నావి కావు. కానీ ఆమె పద్ధతి నాకు నచ్చింది. 1949లో వీలునామా రాసి ఆస్తిని ట్రస్టుకు అప్పగిస్తూ, అక్కడ ఆడవాళ్లు పాల్గొనే హక్కును కూడా షరతుగా పెట్టింది. పెద్దల మంచితనాన్ని నమ్మి ఊరుకోలేదు, కాగితం మీద రాయించుకుంది! 1952లో చనిపోయాక ఆమె సమాధిని త్యాగరాజు సమాధికి ఎదురుగానే కట్టారు.

కాబట్టి, ఎవరైనా సంప్రదాయం అంటే వెంటనే దండం పెట్టకండి, అలాగని కొట్టిపారేయకండి. ఎప్పటినుంచి, ఎవరి డబ్బుతో, ఎవరిని బయట నిలబెట్టి నడిచిందో అడగండి. ఆ లెక్క తేలితే అసలు చరిత్ర బయటపడుతుంది.