పదివేల డాలర్ల గీత

అమెరికాలో ఖాతాదారు ఒకే రోజున 10,000 డాలర్లకు మించిన నగదును బ్యాంకులో జమ చేసినా, బ్యాంకు నుంచి తీసుకున్నా, ఆ వివరాన్ని బ్యాంకు 15 రోజుల్లోగా ఆర్థిక శాఖకు తెలపాలి. ‘కరెన్సీ ట్రాన్సాక్షన్ రిపోర్ట్’ అనే ఈ నివేదికలో నేరారోపణ ఏదీ ఉండదు. ఎవరు, ఎంత, ఏ రోజున అన్న సమాచారమే ఉంటుంది. ఇక్కడ దుకాణాలు, హోటళ్లు నడుపుకుంటున్న తెలుగు కుటుంబాలకు ఈ నిబంధన తెలుసుగానీ దాని వెనుక నడిచిన చరిత్ర అంతగా తెలియదు. ఖమ్మం మిర్చి రైతు డబ్బు దాచుకునే బ్యాంకూ, భద్రాచలం ఏజెన్సీలో తునికాకు కాంట్రాక్టరు డబ్బు తీసే బ్యాంకూ నేడు అదే తరహా చట్టానికి లోబడి ఉన్నాయి కనుక, ఆ చరిత్ర స్వస్థలంలోని పాఠకులకూ అక్కరకు వచ్చేదే.

1960ల చివరి సంవత్సరాలలో అమెరికా సంపన్నులూ నేర ముఠాలూ స్విట్జర్లాండు రహస్య ఖాతాలలో సొమ్ము దాచి పన్ను ఎగవేస్తున్న తీరును న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్ రాబర్ట్ మోర్గెంథో బయటపెట్టగా, ప్రతినిధుల సభ బ్యాంకింగ్ కమిటీ అధ్యక్షుడు రైట్ ప్యాట్‌మన్ దానిపై విచారణలు జరిపాడు. ఫలితంగా 1970 అక్టోబరు 26న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో ‘బ్యాంక్ సీక్రెసీ యాక్ట్’ అమలుకు మార్గం ఏర్పడింది. పేరులో గోప్యత ఉన్నా, ఆ చట్టం పని గోప్యతను తొలగించడమే. ఎంత మొత్తానికి నివేదిక పంపాలో చట్టం చెప్పలేదు, 1972లో ఆర్థిక శాఖ నియమాలు 10,000 డాలర్లని నిర్ణయించాయి. ఆనాడు సామాన్యుడి చేతికి అందని మొత్తమది. నేటి ధరలలో ఏడు రెట్లకు పైగా విలువ చేసే ఆ అంకె అర్ధశతాబ్దం గడిచినా మారకపోవడం వల్ల, పెద్ద చేపల కోసం వేసిన వలలో చిన్న దుకాణదారు కూడా పడుతున్నాడు.

తొలి పదిహేనేళ్లు బ్యాంకులే ఈ చట్టాన్ని అంతగా లెక్కచేయలేదు. 1985లో బ్యాంక్ ఆఫ్ బోస్టన్ స్విస్ బ్యాంకులతో జరిపిన 120 కోట్ల డాలర్లకు పైబడిన నగదు రవాణాను నివేదించలేదని ఒప్పుకుని 5 లక్షల డాలర్ల జరిమానా కట్టిన తరువాత ప్రభుత్వ వైఖరి మారింది. మరుసటి ఏడాది వచ్చిన చట్టం, నివేదికను తప్పించుకునేందుకు సొమ్మును గీతకు దిగువన ఉండేలా ముక్కలు చేయడాన్నే నేరంగా ప్రకటించింది. దీనికి ‘స్ట్రక్చరింగ్’ అని పేరు. రీనో నగరంలోని ఒక క్యాసినోకు 1,60,000 డాలర్లు బాకీపడిన వ్యక్తి బ్యాంకు నుంచి బ్యాంకుకు తిరుగుతూ 10,000కు లోపు చెక్కులు కొన్న ఉదంతమే ‘రాట్జ్‌లాఫ్’ కేసు. ముక్కలు చేయడం చట్టవిరుద్ధమని నిందితుడికి తెలుసని రుజువు చేయాలని 1994లో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వగా, అదే ఏడాది కాంగ్రెసు చట్టాన్ని సవరించి ఆ రక్షణను తొలగించింది. ఇక్కడే అన్యాయం మొదలైంది. కష్టార్జితాన్ని చిన్న మొత్తాలుగా జమ చేసిన వ్యాపారుల ఖాతాలను, మరే నేరమూ చూపకుండానే, పన్నుల శాఖ స్వాధీనం చేసుకోసాగింది; జనాగ్రహం పెరిగాక 2014లో ఆ శాఖ వెనక్కి తగ్గింది, 2019లో కాంగ్రెసు ఆ సంయమనాన్ని చట్టంలోనే చేర్చింది.

భారతదేశంలో 2002 నాటి మనీలాండరింగ్ నిరోధక చట్టం 2005 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. రూ.10 లక్షలు మించిన నగదు లావాదేవీనీ, పరస్పర సంబంధం కలిగి ఒకే నెలలో కలిపి ఆ మొత్తం దాటిన చిన్న లావాదేవీలనూ బ్యాంకులు మరుసటి నెల 15వ తేదీలోగా ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు తెలపాలి. ఇది కాక, ఒక ఆర్థిక సంవత్సరంలో పొదుపు ఖాతాలలో మొత్తం రూ.10 లక్షలు, ఆపైన నగదు జమ అయితే ఆ సమాచారం విడిగా ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుంది.

ఖమ్మం మార్కెట్‌లో జెండా పాట ముగిసి, తేజ మిర్చి బస్తాలు కాంటా అయ్యాక రైతు చేతికి తక్‌పట్టీ వస్తుంది. పంటను స్వయంగా పండించినవాడికి వ్యాపారి రూ.2 లక్షల లోపు నగదుగా చెల్లించవచ్చునని, 2017లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది. అడవి అంచున లెక్క మరోలా ఉంటుంది. 1971 నాటి రాష్ట్ర చట్టంతో తునికాకు వ్యాపారం ప్రభుత్వ అదుపులోకి వచ్చినప్పటి నుంచి, వేసవిలో 50 ఆకుల కట్టలను కల్లాల వద్ద లెక్కించి కోయ కుటుంబాలకు కూలి చెల్లిస్తున్నారు. చర్ల, దుమ్ముగూడెం వంటి చోట్ల ఆ చెల్లింపు నగదుగా జరిగితే, కాంట్రాక్టరు బ్యాంకు నుంచి ఒక్కసారిగా తీసే పెద్ద మొత్తమే నివేదికకు ఎక్కుతుంది. కట్టకు ఇంత చొప్పున కూలి అందుకున్న ఆదివాసీ స్త్రీ ఏ గీతకూ దరిదాపుల్లో ఉండదు. ఆమె ఈ చట్టానికి భయపడవలసిన పని లేదు.

రైతు సోదరులు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: నివేదిక పంపడం బ్యాంకు విధి, అది రైతు మీద ఫిర్యాదు కాదు. ఎవరో చెప్పారని పంట సొమ్మును నాలుగు ఖాతాలకు పంచి, నాలుగు రోజులు తిప్పి జమ చేయకండి. ఉన్నది ఉన్నట్టుగా జమ చేసి, తక్‌పట్టీలను పట్టాదారు పాసుపుస్తకంతో పాటు భద్రపరచండి.