మచ్చిక

డుమస్ బీచ్ నల్ల ఇసుకలో ఒంటెను కూర్చోబెట్టడానికి ఒంటెవాడు తాడు లాగలేదు. మెడ మీద చెయ్యి వేసి, గొంతులోనే ఏదో అన్నాడు. అది ముందుకాళ్లు మడిచింది. సూరత్ లింబాయత్‌లో ఉండే తెలుగువాళ్లం దీన్ని మచ్చిక అంటాం. గుజరాతీలో 'పాళేలుం' అంటారు, అంటే పెంచినది. మన 'పెంపుడు' లాంటిదే. అందులో మేత ఉంది. అచ్చతెలుగు మచ్చికలో మనసుంది: పాత నిఘంటువుల్లో దానికి ప్రేమ, స్నేహం అనే అర్థాలున్నాయి.

జంతువుల మనస్తత్వం గురించి తీరిక దొరికినప్పుడల్లా చదువుకుంటున్నాను. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం గిట్టతో కొట్టి లెక్కలు చెబుతుందని జనం నమ్మారు. అడిగేవాళ్ల తల, ఒంటి కదలికలు చూసి అది ఆగుతోందని మనస్తత్వవేత్త ఆస్కర్ ఫుంగ్‌స్ట్ 1907లో ప్రకటించాడు. లెక్క రాదు, మనిషిని చదవడం వచ్చు. నాకైతే అదే పెద్ద విద్య.

'పిల్లిని మచ్చిక చేశాను' అంటాం, 'పిల్లి నాకు మచ్చికైంది' అనీ అంటాం. నాకు రెండోదే ఇష్టం. అందులో నిర్ణయం పిల్లిది. మా గుమ్మం దగ్గరి వీధికుక్క మూడు వారాలపాటు నేను లోపలికి వెళ్లాకే గిన్నె దగ్గరికొచ్చేది. నిన్న నేనక్కడ కూర్చునుండగానే వచ్చి నీళ్లు తాగింది.