కడబంతి దాకా వెలుగు

చాలా ఏళ్ల కిందట మా నాన్నగారి ఎక్స్‌రే పట్టుకుని ఒక ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరుగారు ఆ ఫిలిమును గోడకున్న తెల్లటి లైటు పెట్టెకు తగిలించారు. ఒక పక్క ఊపిరితిత్తి మీద నీడ కనిపించింది. నా గుండె జారిపోయింది. ఆయన మాత్రం తొణకకుండా ఫిలిమును తీసి, తలకిందులు చేసి మళ్లీ తగిలించారు. నీడ ఉన్నచోటే ఉంది. పెట్టెలో ఒక ట్యూబులైటు మాడిపోయింది, అంతే. నీడ పెట్టెది, నాన్నది కాదు.

వెలుగు ఉండడం ఒక సంగతి, అది అంతటా ఒకేలా ఉండడం మరో సంగతి అని ఆ రోజు తెలిసింది. దీపం చరిత్ర చాలామంది రాశారు. వెలుగును సమానంగా పంచిన చరిత్ర చెప్పుకునేవారు తక్కువ. ఇవాళ ప్రతి ఇంట్లో ఉన్న టి.వి. తెర వెనుక జరుగుతున్నది ఆ పంపకమే కనుక, దాని కథ కొంచెం చెప్పుకుందాం.

దీపానిది మొదటినుంచీ పక్షపాత బుద్ధి. దగ్గరున్నవాడికి దోసిలితో, దూరంగా ఉన్నవాడికి చిటికెడు. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని 1604లో కెప్లర్ చెప్పాడు. 1760లో లాంబర్ట్ తన 'ఫొటోమెట్రియా' గ్రంథంలో మరో సూత్రం చెప్పాడు. అద్దం మీద పడిన వెలుగు ఒకే దిక్కుకు పోతుంది. సున్నం కొట్టిన గోడలాంటి గరుకు తెలుపు మీద పడితే అన్ని దిక్కులకూ చెదురుతుంది. అందుకే ఆ గోడను ఏ పక్కనుంచి చూసినా ఒకే తెలుపుగా కనిపిస్తుంది. దీపపు గూటికి సున్నం పూసిన మన పెద్దలకు ఈ సంగతి సూత్రం అక్కర లేకుండానే తెలుసు.

ఈ సూత్రాన్ని కొసదాకా తీసుకుపోయినవాడు జర్మనీలోని డ్రెస్డెన్‌కు చెందిన ఉల్‌బ్రిఖ్ట్. 1892లో సంప్నర్ అనే ఆంగ్లేయుడు వేసిన లెక్కల తరువాత, 1900లో ఆయన లోపలంతా తెల్లరంగు పూసిన డొల్ల గోళాన్ని వాడకంలోకి తెచ్చాడు. అందులో దీపం పెడితే వెలుగు గోడనుంచి గోడకు పదేపదే తగిలి, చివరికి లోపలంతా సమంగా పరుచుకుంటుంది. దీపాల మొత్తం కాంతిని కొలవడానికి ఆ గోళాన్ని నేటికీ వాడుతున్నారు. ఈ గోళాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని అవసరం వస్తుంది.

మరోవైపు, వెలుగును ఒకచోటినుంచి మరోచోటికి మోసుకుపోయే ప్రయత్నాలు జరిగాయి. 1841లో జెనీవాలో కొలడాన్, నీటిధార లోపలే వెలుగు చిక్కుకుని ధారతోపాటు వంగి పోవడం సభలో చూపించాడు. అమెరికాలో విలియం వీలర్ 1881లో ఒక పేటెంటు పొందాడు. కింది అంతస్తులో ఒకే ఆర్క్ దీపం పెట్టి, లోపల మెరుగు పెట్టిన గొట్టాల ద్వారా ఇంటి గదులన్నిటికీ నీళ్లు పంపినట్టు వెలుగు పంపాలని ఆయన ఆలోచన. గదికో బల్బు వచ్చేసరికి అది వెనకబడింది. కానీ ఆలోచన చావలేదు.

ఇక తెర సంగతి. 1968లో అమెరికాలోని ఆర్.సి.ఎ. కంపెనీ ద్రవ స్ఫటికాల తెరను, అంటే ఎల్.సి.డి.ని, లోకానికి చూపించింది. 1973లో జపాన్‌లో షార్ప్ కంపెనీ ఆ తెరతో చేతి లెక్కల యంత్రం అమ్మింది. ఆ తెరకు సొంత వెలుగు లేదు. వెనుక మెరుపు పొర ఉంటే గదిలోని వెలుగే తిరిగివచ్చి అంకెలు కనిపించేవి. రంగుల తెరకు అది చాలదు. వెనుకనుంచి నూరు పాళ్లు వెలుగు పంపితే, మధ్యనున్న వడపోతలన్నీ దాటి ముందుకు వచ్చేది పది పాళ్లకు లోపే. అందుకని వెనుక దీపం తప్పనిసరి అయింది.

మొదట్లో సన్నటి ఫ్లోరసెంటు గొట్టాన్ని తెర అంచున పెట్టి, పారదర్శకమైన ఆక్రిలిక్ పలకలోకి వెలుగు పంపేవారు. పలక గోడకు నలభై రెండు డిగ్రీలకన్నా ఏటవాలుగా తగిలిన వెలుగు బయటికి రాదు; కొలడాన్ ధారలో లాగే లోపలే పరుగు తీస్తుంది. పలక అడుగున తెల్లటి చుక్కలు అద్దితే, చుక్క తగిలినచోట అది చెదిరి బయటికి వస్తుంది. మరి చుక్కలు ఎలా అద్దాలి? పెళ్లి బంతిలో నెయ్యి వడ్డించే మనిషిని తలచుకోండి. పది విస్తళ్లు ఉంటే, మొదటి విస్తట్లో గిన్నెలోని పదో వంతు వెయ్యాలి. రెండోదానికి మిగిలినదాంట్లో తొమ్మిదో వంతు, మూడోదానికి ఎనిమిదో వంతు, ఆఖరిదానికి ఉన్నదంతా. అందుకే దీపం దగ్గర చుక్కలు పలచగా, దూరం పోయేకొద్దీ ఒత్తుగా ఉంటాయి.

గొట్టం పోయి ఎల్.ఇ.డి. వచ్చేసరికి చిక్కు పెరిగింది. 1962లో హోలోన్యాక్ ఎర్ర వెలుగు ఎల్.ఇ.డి. చేశాడు. నీలం కోసం ముప్పై ఏళ్లు పట్టింది. ఆ నీలాన్ని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. 1996లో నీలానికి పసుపు ఫాస్ఫరు పూసిన తెల్ల ఎల్.ఇ.డి. అమ్మకానికి వచ్చింది. 2004లో సోనీ కంపెనీ 'క్వాలియా 005' టి.వి.లో తెర వెనుక దీపంగా ఎల్.ఇ.డి.లనే వాడింది. ఫ్లోరసెంటు గొట్టంలోని పాదరసం బెడద తప్పింది. కానీ ఎల్.ఇ.డి. గీత కాదు, చుక్క. దాని వెలుగు నెత్తిమీదే పోగుపడుతుంది. అది తెరకు ఎంత లోతున ఉందో, పక్కకు అంతే దూరం జరిగితే, వెలుగు నాలుగో వంతే. లోతుకు రెట్టింపు దూరం జరిగితే ఇరవై అయిదో వంతు.

దీపాల మధ్య దూరాన్ని లోతుతో సమానం చేస్తే తేడా బాగా తగ్గుతుంది. కానీ టి.వి. పలచబడాలంటే లోతు తగ్గాలి, లోతు తగ్గితే దీపాలు పెరగాలి. ఇక్కడే పరావర్తక గిన్నెలు అక్కరకొచ్చాయి. ప్రతి ఎల్.ఇ.డి. చుట్టూ ఏటవాలు గోడల తెల్లటి ప్లాస్టిక్ గిన్నె అమరుస్తారు. పక్కలకు పోయే వెలుగును ఆ గోడలు పైకి తిప్పి, దీపాల మధ్యనున్న మసక చోట్లను నింపుతాయి. గోడ వాలు తప్పితే వెలుగు నడుమనే గుట్టపడుతుంది, లేదా గిన్నెల అంచులు గళ్లగళ్లుగా కనిపిస్తాయి. మన కన్ను మెల్లగా తగ్గే వెలుగును క్షమిస్తుంది కానీ, ఉన్నట్టుండి మారే చోటును ఉన్నదానికన్నా పెద్దది చేసి చూపిస్తుంది. ఈ గుణాన్ని మాఖ్ 1865లోనే వివరించాడు. అందుకే అంచులకూ పైనున్న పాలరంగు పలకకూ మధ్య కొంత ఖాళీ వదులుతారు.

ఆ పలక కొంత వెలుగును వెనక్కి కొడుతుంది. అడుగునున్న తెలుపు దాన్ని మళ్లీ పైకి పంపుతుంది. చూడండి, ఉల్‌బ్రిఖ్ట్ గోళాన్నే అప్పడంలా అణిచినట్టు! అయితే ప్రతి తాకిడికీ కొంత నష్టం ఉంది. నూటికి తొంభై తిప్పి పంపే పొరకు పదిసార్లు తగిలితే మిగిలేది ముప్పై అయిదు. తొంభై ఎనిమిది తిప్పే పొరకైతే ఎనభై రెండు. 2000లో త్రీఎం కంపెనీ శాస్త్రజ్ఞులు లోహం లేకుండా, వందల సన్నటి ప్లాస్టిక్ పొరలతో అంతటి అద్దం చేసి చూపించారు.

2021లో వచ్చిన ఒక ఐప్యాడ్‌లో పదివేలకు పైగా ఎల్.ఇ.డి.లు 2,596 మండలాలుగా ఉన్నాయి. చీకటి దృశ్యం ఉన్నచోట ఆ మండలం ఆరిపోతుంది. ఇక్కడ వెలుగు పొరుగు మండలంలోకి చిందకూడదు, అయినా మండలాల నడుమ గీత కనిపించకూడదు. పనివాడికి రెండువైపులా పరీక్షే.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే అంటారు. తెర మూలనున్న చుక్కకు ఎవరూ చుట్టాలు లేరు. దానికి వెలుగు అందుతున్నది ఎవరో లెక్క సరిగా కట్టినందువల్ల. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో ఎక్స్‌రే ఫిలిము పోయి తెర వచ్చింది. తలకిందులుగా తగిలించి చూడడానికి అక్కడ ఫిలిము లేదు. ఆ తెర మీద నీడ కనిపిస్తే అది రోగిదే అయి ఉండాలి, తెరది కాకూడదు.