నాలుగో స్థానంలో వచ్చిన మనిషి



ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం వ్రాయమని మన కార్యదర్శి గారు కోరారు. రాజుల గురించి, యుద్ధాల గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక పరుగు పందెం గురించి వ్రాస్తానన్నాను. ఆ పందెం పట్టుమని పది సెకన్లు కూడా జరగలేదు. దాని మీద విచారణ మాత్రం చాలాకాలం నడిచింది. ఖజానా శాఖలో ముప్ఫై మూడేళ్ళు బిల్లులు తనిఖీ చేసిన వాణ్ణి కనుక, పందెం కంటే ఆ విచారణే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది.

1988 సెప్టెంబరు 24, శనివారం. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఒలింపిక్ క్రీడల వంద మీటర్ల పరుగు ఫైనల్ జరిగింది. కెనడాకు చెందిన బెన్ జాన్సన్ 9.79 సెకన్లలో గమ్యం చేరి ప్రపంచ రికార్డు సృష్టించాడు. అమెరికా వీరుడు కార్ల్ లూయిస్ 9.92తో రెండవ స్థానంలోను, బ్రిటన్‌కు చెందిన లిన్‌ఫోర్డ్ క్రిస్టీ 9.97తో మూడవ స్థానంలోను నిలిచారు. చెయ్యి పైకెత్తి, వేలు ఆకాశం వైపు చూపిస్తూ గీత దాటుతున్న జాన్సన్ ఫోటోను పత్రికలో చూసి మా ఆఫీసులో రెండు రోజులు అదే ముచ్చట.

ఆ కుర్రవాడి కథ వింటే ఎవరికైనా అభిమానం కలుగుతుంది. 1961లో జమైకా దీవిలోని ఫాల్మత్ అనే ఊళ్ళో పుట్టాడు. 1976లో కుటుంబంతో కెనడాకు వలస వెళ్ళాడు. మాట తడబడే పిల్లవాడు, బక్కపలచని వాడు. చార్లీ ఫ్రాన్సిస్ అనే కోచ్ దగ్గర చేరి, 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంస్యం, 1987లో రోమ్ ప్రపంచ పోటీల్లో 9.83 సెకన్ల రికార్డుతో ప్రథమ స్థానం సాధించాడు. సియోల్‌లో గెలిచిన రోజున కెనడా ప్రధాని స్వయంగా ఫోన్ చేసి అభినందించారు.

మూడు రోజులు గడిచాయి. జాన్సన్ మూత్ర నమూనాలో స్టానోజొలాల్ అనే స్టెరాయిడ్ కనబడిందనీ, బంగారు పతకం వెనక్కి తీసుకున్నారనీ రేడియో వార్తల్లో విన్నాము. మా సెక్షన్‌లో ఒక పెద్దాయన, "దొంగ దొరికాడుగా, ఇక ఫైలు మూసెయ్యండి" అన్నారు. ఆ ఫైలు అంత తేలిగ్గా మూతపడలేదు.

కెనడా ప్రభుత్వం ఛార్లెస్ డూబిన్ అనే న్యాయమూర్తి చేత బహిరంగ విచారణ జరిపించింది. 1989లో కోచ్ ఫ్రాన్సిస్ బోనెక్కి, 1981 నుంచీ జాన్సన్ చేత స్టెరాయిడ్లు వాడిస్తున్నామని ప్రమాణం చేసి చెప్పాడు. మందు ఇచ్చిన డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. అంతవరకు తనకేమీ తెలియదన్న జాన్సన్, ఆ తరువాత తానూ ఒప్పుకున్నాడు. రోమ్ రికార్డు కూడా పోయింది.

స్టెరాయిడ్ అంటే పురుష హార్మోనును పోలిన కృత్రిమ పదార్థం. కొన్ని జబ్బులకు వైద్యులు వాడే మందే. ఆటగాడు వాడితే కండ పెరుగుతుంది, అలసట త్వరగా తీరి మర్నాడు మళ్ళీ గట్టిగా సాధన చేయగలుగుతాడు. గుండెకు, కాలేయానికి మాత్రం చేటు. ఒలింపిక్స్‌లో వీటికి పరీక్షలు 1976 నుంచే ఉన్నాయి. మరి అన్నేళ్ళపాటు అతడు ఎలా దొరకలేదు?

జవాబు మనబోటి వాళ్ళకు బాగా తెలిసినదే. తనిఖీ అధికారి ఫలానా తేదీన వస్తున్నారని ముందే తెలిస్తే, ఆ రోజుకు నగదు పెట్టెలో లెక్క సరిపోకుండా ఉంటుందా? ఆ రోజుల్లో పరీక్షలు దాదాపుగా పోటీల నాడే జరిగేవి. సాధన చేసే నెలల్లో మందు వాడి, పోటీకి కొన్ని వారాల ముందు ఆపేస్తే ఆనవాలు చిక్కేది కాదు. పోటీలు లేని రోజుల్లో ఆకస్మిక తనిఖీలు జరిపితేనే ఫలితం ఉంటుందని 1990లో డూబిన్ నివేదిక తేల్చి చెప్పింది. క్రీడా సంఘాలు చూసీ చూడనట్లు ఊరుకున్నాయని కూడా తప్పుపట్టింది.

ఒక దొంగ బిల్లు పాసు కావాలంటే ఒక్క సంతకం చాలదు. తయారు చేసినవాడు, సరిచూసినవాడు, కౌంటర్ సంతకం పెట్టినవాడు అందరూ కావాలి. బయటపడ్డాక సస్పెండ్ అయ్యేది మాత్రం చివరివాడు. ఇలా అన్నానని జాన్సన్ తప్పు చేయలేదని కాదు. రెండేళ్ళ నిషేధం ముగిసి తిరిగి వచ్చినా, 1993లో మళ్ళీ పట్టుబడి జీవితకాల నిషేధానికి గురయ్యాడు. జాలిపడవచ్చు గాని, వెనకేసుకు రాలేము.

డూబిన్ చెప్పిన మాట నెమ్మదిగానైనా అమలులోకి వచ్చింది. 1999లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ఏర్పడింది. దాని మొదటి అధ్యక్షుడు డిక్ పౌండ్ అనే కెనడా న్యాయవాది. సియోల్‌లో జాన్సన్ తరఫున వాదించినది ఆయనే! ఇప్పుడు పెద్ద క్రీడాకారులు తాము ఎప్పుడు ఎక్కడ ఉంటారో ముందుగా తెలియజేయాలి. పరీక్షకులు చెప్పకుండా ఇంటికే రావచ్చు.

ఆనాటి ఫైనల్‌లో పరుగెత్తినవారు ఎనిమిదిమంది. క్రిస్టీకి 1999 పరీక్ష కారణంగా రెండేళ్ళ నిషేధం పడింది. జాన్సన్ పతకం దక్కిన కార్ల్ లూయిస్ కూడా 1988 అమెరికా ఎంపిక పోటీల్లో నిషిద్ధ ఉత్ప్రేరకాల పరీక్షలో దొరికాడనీ, తెలియక తీసుకున్నాడని అధికారులు వదిలేశారనీ 2003లో బయటపడింది. మిగిలినవారిలోనూ కొందరి పేర్లు ఏదో ఒక రూపంలో మందుల వ్యవహారంలోకి వచ్చాయి. మచ్చ పడనివారు ఇద్దరే. ఒకరు బ్రెజిల్‌కు చెందిన రాబ్సన్ డ సిల్వా, రెండవవారు అమెరికాకు చెందిన కాల్విన్ స్మిత్.

ఈ వ్యాసం వ్రాసినది నిజానికి ఆ కాల్విన్ స్మిత్ కోసమే. 1983లో 9.93 సెకన్లతో వంద మీటర్ల ప్రపంచ రికార్డు నెలకొల్పినవాడు. 1983లోను, 1987లోను రెండు వందల మీటర్ల ప్రపంచ విజేత. సియోల్‌లో 9.99తో నాలుగవవాడుగా వచ్చాడు. జాన్సన్‌ను తొలగించాక కాంస్యం దక్కింది గాని, ఆ రోజు వేలాదిమంది చప్పట్ల మధ్య వేదికపై నిలబడిన ముగ్గురిలో అతడు లేడు. బెన్ జాన్సన్ పేరు తెలియనివారు లేరు, స్మిత్ పేరు చెబితే ఎవరని అడుగుతారు.

మనలో ఎందరో ముప్ఫై ఏళ్ళు ఒక్క మెమో లేకుండా సర్వీసు చేసి, రావలసిన ప్రమోషన్ రాకుండానే పూలదండతో ఇంటికి వచ్చాము. అటువంటివారి పేర్లు ఎక్కడా అచ్చుకావు. కనీసం మన సంఘ పత్రికలోనైనా నాలుగో స్థానంలో వచ్చిన ఒక మనిషి పేరు అచ్చుకావాలని నా కోరిక. మనవలకు ఆటల కథలు చెప్పేటప్పుడు ఈ పేరు కూడా చెప్పవలసిందిగా సభ్యులకు మనవి.