జనగణమన బాణీ, ఐఎన్ఏ ఆర్కెస్ట్రా: కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకురీకి ఎంత దక్కాలి?

పోయిన నెల రాసిన ఒక మాక్ టెస్టులో జాతీయ గీతం ప్రశ్న దగ్గర నాకు 0.66 మార్కు పోయింది. జనగణమనకు బాణీ కట్టింది ఎవరు అని అడిగారు. నేను కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకురీ అని పెట్టాను. కీలో ఠాగూర్ అని ఉంది. గుడ్డిగా పెట్టిన ఆన్సర్ కాదది. ఆగస్టు వస్తే చాలు వాట్సాప్‌లో తిరిగే ఒక పోస్టు చూసి, నోట్సులో ఎక్కించుకుని మరీ పెట్టాను. కీ తప్పని నిరూపిద్దామని కూర్చుంటే రెండు రోజుల ప్రిపరేషన్ దానికే పోయింది. చివరికి కీ తప్పు కాదని తేలింది. అయితే రామ్‌సింగ్ పేరు కూడా గాలికి పుట్టిన పేరు కాదు.

రామ్‌సింగ్ 1914 ఆగస్టు 15న హిమాచల్‌లోని ధర్మశాల దగ్గర పుట్టారు. గూర్ఖా కుటుంబం. చిన్న వయసులోనే 1వ గూర్ఖా రైఫిల్స్ బ్యాండ్‌లో చేరి, బ్రిటిష్ పద్ధతిలో సంగీతం నేర్చుకున్నారు. ఇటు పహాడీ పాట, అటు మిలిటరీ బ్యాండ్, చేతిలో వయొలిన్, భుజాన తుపాకీ. 1941లో ఆయన బెటాలియన్‌ను మలయా పంపారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. జపాన్‌కు ఖైదీలుగా చిక్కిన వేలమంది భారత సైనికుల్లో ఆయనా ఒకరు. అక్కడి నుంచి ఐఎన్ఏలోకి వచ్చారు.

ఐఎన్ఏ అనగానే మనం మోహన్ సింగ్, రాస్ బిహారీ బోస్, నేతాజీ, ఝాన్సీ రాణి రెజిమెంట్ అని వరసగా రాసేస్తాం. కానీ ఆ సైన్యం ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించండి. పంజాబీ, గూర్ఖా, పఠాన్ సైనికులు, మలయా రబ్బరు తోటల్లో పనిచేసిన తమిళులు, వాళ్ళతోపాటు అసలు సైన్యం ముఖమే చూడని యువకులు. అందరికీ ఒకే భాష లేదు, ఒకే లిపి లేదు. అందుకే ఆదేశాలకు హిందుస్తానీని రోమన్ లిపిలో వాడారు. ఇలాంటి చోట పాట అన్నది అలంకారం కాదు, పనిముట్టు. ఉపన్యాసం సగం మందికి అర్థం కాకపోవచ్చు, బ్యాండ్ దెబ్బకు అడుగు మాత్రం అందరికీ కలుస్తుంది. వంశీధర్ శుక్లా రాసిన 'కదమ్ కదమ్ బఢాయే జా'కు రామ్‌సింగ్ కట్టిన బాణీ చేసింది ఆ పనే. బ్రిటిష్ ప్రభుత్వం ఆ పాటను నిషేధించింది కూడా.

ఇక జనగణమన సంగతి. బోస్ జర్మనీలో ఉండగానే, 1942 సెప్టెంబర్ 11న, హాంబర్గ్‌లో ఒక జర్మన్ ఆర్కెస్ట్రా దాన్ని భారత జాతీయ గీతంగా వాయించింది. 1943 అక్టోబర్ 21న సింగపూర్ కేథే భవనంలో ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడేనాటికి ఆ గీతానికి హిందుస్తానీ రూపం కావలసి వచ్చింది. ఠాగూర్ గీతం ఆధారంగా 'శుభ్ సుఖ్ చైన్' రాసింది ముంతాజ్ హుస్సేన్, ఆబిద్ హసన్ సఫ్రానీ. ఈ ఆబిద్ హసన్ మన హైదరాబాదీ. జర్మనీలో ఇంజనీరింగ్ చదువుతూ మధ్యలో వదిలేసి నేతాజీ వెంట నడిచినవాడు, జలాంతర్గామిలో ఆయనతో కలిసి ఆసియాకు వచ్చినవాడు. (ఇంజనీరింగ్ పూర్తిచేసి ఇంట్లో కూర్చుని కరెంట్ అఫైర్స్ చదువుకునే నాలాంటివాడికి ఆ లైన్ దగ్గర కొంచెం గుచ్చుకుంటుంది.) ఆ గీతాన్ని బ్యాండ్‌కు, కవాతుకు సరిపడేలా సిద్ధం చేసింది రామ్‌సింగ్.

పోస్టులన్నీ ఇక్కడే తప్పులో కాలేస్తున్నాయి. రామ్‌సింగ్ సిద్ధం చేశారు కాబట్టి బాణీ ఆయనదే అంటాయి. తన కృషిని దేశం మరిచిందన్న బాధ ఆయనలోనూ ఉండేది, అది అన్యాయమైన బాధేమీ కాదు. కానీ దీనికి ఎదురు సాక్ష్యం మన రాయలసీమలోనే దొరుకుతుంది. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లెలోని బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్నారు. అక్కడ ఆ పాట పాడి వినిపించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్న ఐరిష్ మహిళ, ఆవిడ దానికి స్వరలిపి రాశారు. గీతాన్ని ఠాగూర్ ఇంగ్లీషులోకి అనువదించుకున్నదీ అక్కడే. అంటే సింగపూర్‌కు 24 ఏళ్ళ ముందే బాణీ కాగితం మీద ఉంది. కీకి ఆ 0.66 న్యాయంగానే దక్కింది.

అయితే పాడుకునే పాట దేశానికి గీతం ఎలా అయింది? 1948 ఆగస్టు 25న నెహ్రూ రాజ్యాంగ సభలో చేసిన ప్రకటన చదివితే ఆశ్చర్యం వేస్తుంది. 1947లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశాల సందర్భంగా మీ జాతీయ గీతం ఇవ్వండి అని మనవాళ్ళను అడిగారు. దగ్గరున్నది జనగణమన రికార్డు ఒక్కటే. ఆర్కెస్ట్రావాళ్ళు దాన్నే సాధన చేసి వాయిస్తే, ఇతర దేశాలవాళ్ళు స్వరలిపి అడిగి తీసుకున్నారు. జాతీయ గీతంలో మాటలకన్నా బాణీ ముఖ్యమని, ఆర్కెస్ట్రాకూ బ్యాండ్‌కూ అది లొంగాలని నెహ్రూ వాదన. ఇందులో సంగీతపరమైన కారణం ఉంది. జనగణమన బాణీ దాదాపు బిలావల్ స్వరాల్లో నడుస్తుంది. మన శంకరాభరణం మేళం, పాశ్చాత్యుల మేజర్ స్కేలు, అవే స్వరాలు. ఇత్తడి వాయిద్యాలు పెద్దగా ఇబ్బంది పడవు. వందేమాతరం ఎక్కువగా వినిపించే దేశ్ రాగంలో స్వరం నుంచి స్వరానికి జారుడు ఎక్కువ, ట్రంపెట్‌కు అది కష్టం. పుణెకు చెందిన మాస్టర్ కృష్ణరావు ఊరుకోకుండా వందేమాతరానికి బ్యాండ్‌పై పలికే బాణీ కట్టి ఢిల్లీలో వినిపించారు. ఫలితం లేకపోయింది. 1950 జనవరి 24న రాజేంద్రప్రసాద్ ఓటింగ్ లేకుండానే ఒక ప్రకటనతో జనగణమనను జాతీయ గీతంగా, వందేమాతరానికి సమాన గౌరవంతో ఖాయం చేశారు.

ఈ వెలుగులో రామ్‌సింగ్ పనిని మళ్ళీ చూడండి. జనగణమన సైన్యానికి, బహిరంగ సభకు, కవాతుకు పనికొస్తుందని నెహ్రూ 1948లో వాదించిన సంగతిని ఆయన 1943లోనే వాయించి చూపించారు. కవి వేరు, బాణీకర్త వేరు, దాన్ని వాద్యబృందానికి మలిచేవాడు వేరు. ప్రశ్నపత్రాల్లో మూడో మనిషికి గడి ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1947 ఆగస్టు 15న నెహ్రూ ఎర్రకోట ప్రసంగం వేళ రామ్‌సింగ్ తన ఐఎన్ఏ ఆర్కెస్ట్రాతో గీతం వాయించారని దాదాపు ప్రతిచోటా రాస్తారు. కానీ నెహ్రూ ఎర్రకోటపై జెండా ఎగరేసింది ఆగస్టు 16న. 15 సాయంత్రం జెండా వేడుక ఇండియా గేట్ దగ్గర ప్రిన్సెస్ పార్క్‌లో జరిగింది. ఆర్కెస్ట్రాను ఎర్రకోటకు పిలిచారన్న మాటను ఉంచి, తేదీ దగ్గర మాత్రం పెన్ను ఆపండి.

తేదీ ఏదైనా, ఆ చోటు మామూలుది కాదు. 1945 నవంబర్‌లో షా నవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌ల మీద విచారణ మొదలైంది అదే ఎర్రకోటలో. రెండేళ్ళు తిరక్కుండానే ఐఎన్ఏ సంగీతానికి అక్కడికి పిలుపొచ్చింది. అయినా స్వతంత్ర భారత సైన్యం ఐఎన్ఏవాళ్ళను తిరిగి తీసుకోలేదు. క్రమశిక్షణ దెబ్బతింటుందన్న సైన్యం ఆలోచనను నెహ్రూ ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ నిర్ణయానికి కారణాలు నాకు అర్థమవుతాయి, కానీ బాణీని ఉంచుకుని మనిషిని బయట నిలబెట్టడం మింగుడుపడదు. 'కదమ్ కదమ్' ఇవాళ భారత సైన్యం వాయించే మార్చ్. దాన్ని కట్టిన కెప్టెన్ మాత్రం లక్నో వెళ్ళి ఉత్తరప్రదేశ్ పీఏసీలో పోలీసు బ్యాండ్ నడిపారు. నేతాజీ ఇచ్చిన వయొలిన్ ఆయన దగ్గరే ఉండేది. 2002 ఏప్రిల్ 15న ఆ ఊళ్ళోనే పోయారు.