బేవారసు ఆస్తి: భారతదేశంలో రాజ్యం హక్కు, బాధ్యతల చరిత్ర

వారసులు లేక మిగిలిపోయిన ఆస్తినీ, హక్కుదారు ఉండి కూడా అడగని సొమ్మునూ వాడుకలో కలిపి బేవారసు ఆస్తి అంటారు. నిజానికి ఈ రెండూ వేరు. మొదటిదానికి యజమాని లేడు; రెండోదానికి ఉన్నాడు, కాకపోతే రాలేదు. భారతదేశంలో రాజ్యం ఈ తేడాను పాటించినంతకాలం ధర్మకర్తగా నడుచుకుంది. మరిచినప్పుడు పరాయి సొమ్ముకు యజమాని అయింది. ఇక్కడి చట్టాల మార్పులన్నీ ఈ రెండు పాత్రల మధ్య ఊగిసలాటగానే అర్థమవుతాయి.

తేడా కొత్తదేమీ కాదు. యజమాని తెలియని సొత్తును రాజు మూడేళ్లు భద్రపరచాలనీ, ఈలోగా వచ్చి రుజువు చూపినవాడికి అప్పగించాలనీ, గడువు దాటాకే తాను తీసుకోవచ్చనీ మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. వారసులు లేని ఆస్తి రాజుకు చేరుతుందన్న స్మృతులు బ్రాహ్మణుడి ఆస్తిని మాత్రం మినహాయించాయి. ఆ మినహాయింపు చెల్లుతుందా అన్న ప్రశ్న మచిలీపట్నం కలెక్టరుకూ కావలి వెంకట నారాయణప్పకూ నడిచిన వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ ముందుకు వచ్చింది. వారసులు లేకుంటే బ్రాహ్మణుడి ఆస్తి అయినా ప్రభుత్వానిదేననీ, అయితే దానిమీద ఉన్న బాధ్యతలు దాని వెంటే వస్తాయనీ 1860లో తీర్పు వెలువడింది. రాజ్యాంగం 296వ అధికరణం ఇలాంటి ఆస్తిని అది ఉన్న రాష్ట్రానికి అప్పగించింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 29వ సెక్షన్ కూడా అప్పులూ బాధ్యతలతో సహా ప్రభుత్వానికి చెందుతుందనే చెప్పింది. అంటే యజమాని లేనిచోట సైతం రాజ్యానికి దక్కేది బరువులతో కూడిన హక్కే.

యజమాని ఉన్న సొమ్ము విషయంలో చట్టం ఇంతకన్నా కఠినంగా మారడం విచిత్రం. కంపెనీలు చెల్లించగా మిగిలిన డివిడెండ్లు మొదట కేంద్ర ఖజానాకు వెళ్లేవి, వాటాదారు దరఖాస్తు పెట్టుకుని తీసుకునే వీలుండేది. కంపెనీల చట్టానికి 1999లో వచ్చిన సవరణ మదుపరుల విద్యా రక్షణ నిధిని ఏర్పరిచి, ఏడేళ్లు అడగని మొత్తాలను అందులో కలిపింది. ఆపైన నిధి మీదగానీ కంపెనీ మీదగానీ ఎవరికీ హక్కు ఉండదని తేల్చేసింది. మదుపరుల రక్షణ పేరుతోనే మదుపరి సొమ్ము పోయిందన్నమాట. 2013 కంపెనీల చట్టం దీన్ని సరిదిద్దింది: డివిడెండ్లతోపాటు వాటాలు కూడా నిధికి వెళతాయి, కానీ హక్కుదారు వాటిని తిరిగి పొందవచ్చు. బ్యాంకుల విషయంలో 2014లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన నిధి మొదటినుంచీ ఈ దారిలోనే నడిచింది. పదేళ్లు కదలని డిపాజిట్లు దానికి చేరినా, ఖాతాదారు ఎప్పుడైనా తన బ్యాంకులో అడగవచ్చు. 2024 మార్చి నాటికి అందులో రూ.78,213 కోట్లు పోగయ్యాయి.

గడువు లేకపోతే లెక్కలు ఎన్నటికీ ముగియవన్నది ఇలా ఎప్పుడు అడిగినా తిరిగి ఇవ్వడానికి ప్రధానమైన అభ్యంతరం. అడగని సొమ్ము చేరేలా 2015 నాటి చట్టంతో ఏర్పాటైన వయోవృద్ధుల సంక్షేమ నిధి ఈ వాదనకు తలొగ్గి, 25 ఏళ్లు దాటితే సొమ్ము కేంద్రానిదేనంది. కానీ హక్కుదారులందరూ ఒకే ఏడాది వచ్చి అడగరు. నిధి ఆదాయాన్ని ప్రజాప్రయోజనానికి వాడుకుంటూనే అసలును తిరిగి ఇవ్వగల స్థితిలో ఉంచవచ్చు. మోసగాళ్లు వస్తారన్నది రెండో అభ్యంతరం. అది రుజువులు గట్టిగా అడగడానికి కారణం అవుతుందే తప్ప, హక్కునే మూసేయడానికి కాదు. పైగా, చిన్న మొత్తానికి కూడా వారసత్వ ధ్రువపత్రం కోసం కోర్టుకు పంపితే, కాగితం మీద మిగిలిన హక్కు చేతికి రాదు.

అందుకే గడువు ఎత్తేయడం ఒక్కటే చాలదు. వెతికే భారం ఎవరిదన్నది కూడా తేలాలి. పేరు, చిరునామా, ఖాతా వివరాలు ఉన్నది సంస్థ దగ్గర. డిపాజిట్ సంగతే తెలియని వారసుడు ఏమని అడుగుతాడు? 2023 ఆగస్టులో ఏడు బ్యాంకులతో మొదలైన రిజర్వు బ్యాంకు ఉద్గమ్ పోర్టల్ ఖాతాదారు పేరుతో వెతికే వీలు కల్పించి ఈ భారాన్ని కొంత తగ్గించింది. అయినా అక్కడ సొమ్ము ఏ బ్యాంకులో ఉందో తెలుస్తుంది, తీసుకోవడానికి మళ్లీ ఆ బ్యాంకుకే వెళ్లాలి. వివరాలు తన చేతిలో ఉండగా హక్కుదారు కోసం వెతకని రాజ్యం, గడువు పెట్టకపోయినా, ఆ సొమ్మును ఉంచుకున్నట్టే.