మెఱుగుపూత: లక్కనుండి బొగ్గునారవఱకు

గ్రామపెద్దలారా! ఈ పూట నేను మనవి చేయఁదలఁచినది మెఱుగుపూత చరిత్రము. వస్తువుయొక్క సహజరూపమును మఱుగుపఱుపక, దానిపై గాజువలె నిలుచు నిర్మలమైన పూతకే యీ పేరు. ఇది సింగారమునకు మాత్రమేయని పలువురు తలంతురు. చరిత్రమును పరికించినచో, అలంకారముకంటె రక్షణమే దీని ముఖ్యప్రయోజనమని తెలియఁగలదు.

మన దేశమున నీ విద్యకు మూలము లక్క. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై నొక చిన్న పురుగు స్రవించు జిగురే యిది. వరాహనది యొడ్డుననున్న ఏటికొప్పాకలో పనివారు అంకుడుకఱ్ఱను తరిమెన పట్టి, తిరుగుచున్న కఱ్ఱకు లక్కకణికను ఒత్తుదురు. రాపిడి వేఁడికి లక్క కరఁగి కఱ్ఱను పట్టుకొనును. పిదప మొగలిరేకుతో రుద్ది మెఱుగు తెత్తురు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళికగుర్తింపు లభించినది.

ఇఁక బొగ్గునార మాట. 1880 ప్రాంతమున ఎడిసన్ వెదురుపీఁచును బొగ్గుగా మార్చి దీపములో వెలుగుతీఁగెగా వాడెను. అది పెళుసు. 1961లో జపానుదేశీయుఁడగు అకియో షిండో కృత్రిమనూలునుండి గట్టినారను తీయు మార్గమును చూపెను. అట్టి నారను బట్టగా నేసి, ఎపాక్సీయను జిగురులో తడిపి గట్టిపఱచినచో, ఉక్కుకంటె మిక్కిలి తేలికయై బలముగల పలక యేర్పడును. విమానములకును, పందెపు కారులకును, సైకిళ్లకును ఇది వాడుకలోనికి వచ్చినది.

అయితే బొగ్గునార యెండకు వెఱవదు. దానిని పట్టియుంచు ఎపాక్సీయే వెఱచును. ఎండలోని అతినీలకిరణములు సోఁకఁగా అది పసుపెక్కి, సుద్దవలె పొడిరాలును. కావున మెఱుగుపూత అవసరమైనది. ముందుగా పలకను సన్నని గరుకుకాగితముతో తడిగా రుద్దవలెను. నార బయటపడునంత లోతుగా రుద్దరాదు. మైనము, నూనె, చేతిజిడ్డు లేకుండ తుడువవలెను. పిమ్మట పూతను పలుచగా పలుమాఱులు చల్లవలెను. ఒక్కమాఱే మందముగా చల్లినచో కాఱును, బొబ్బలెత్తును. పూర్తిగా గట్టిపడిన తరువాతనే తుదిమెఱుగు పట్టవలెను. లక్కపనివాని ఓర్పే యిక్కడను కావలయును.

ఈ పూతలలో శ్రేష్ఠమైనది పాలీయురేథేను. దీనిని 1937లో జర్మనీలో ఆటో బేయరు కనుఁగొనెను. గోల్నాకనుండి విశ్వవిద్యాలయపు ఆవరణముమీఁదుగా తార్నాక చేరినవారికి, 1944లో హైదరాబాదు సంస్థానప్రభుత్వము నెలకొల్పిన ప్రయోగశాల కానవచ్చును. అదియే 1989నుండి భారతీయ రసాయన సాంకేతికసంస్థ. నూనెలును పూతలును అచ్చటి పరిశోధనవిషయములు. మన మహబూబునగరు, నల్లగొండ మెట్టచేలలో పండిన ఆముదము దీపమునకు, మందునకు మాత్రమే కాదు. అందు నూటికి 85 పాళ్లకు మించియున్న ఆమ్లమునకుఁగల ప్రత్యేకలక్షణముచేత పాలీయురేథేను పూతలకును ముడిసరుకు కాఁగలదు. రైతు గింజను గింజగానే యమ్మినంతకాలము దీని లాభము పరులదే.

మఱియొక మాట. పట్టణపు కార్ఖానాలలో ఈ పనికి చేరు పిల్లలు మీ యూళ్లవారే. ఈ పూతను గట్టిపఱచు ఐసోసయనేటు తుంపరలు ఊపిరితిత్తులకు ఉబ్బసము తెచ్చును; నారపొడి కన్నులను, చర్మమును బాధించును. ముక్కుకు గుడ్డ చుట్టుకొనిన చాలదు. తగిన శ్వాసకవచమును, చేతితొడుగులును, గాలి ప్రసరించు చోటును యజమానిని అడిగి పొందవలెనని వారికి మీరు చెప్పవలయును. వస్తువును కాపాడు పూత మనిషిని చెఱుపరాదు గదా!